వరుస కాని ప్లగ్గు

పోయిన వారం మిమ్మల్ని కోరుట్లలో మహిపాల్ మామ హోటల్ ముందు, నెత్తి మాడే ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. మా అమ్మ ఆటోకు ఛార్జింగ్ ఎక్కుతోంది. దాని పక్కన ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. కారు తలుపు మీద ఛార్జర్ కంపెనీ ముద్ర ఉంది. అది చూసి అమ్మ, తాగుతున్న నీళ్ల సీసాను మూత పెట్టకుండానే సీటు మీద పడేసింది. నీళ్లు సీటంతా పారాయి. తుడవాలని మా ఇద్దరికీ తోచలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు మా సంగతి కొంచెం చెప్పాలి.

మాది కథలాపూర్. నాన్నను నేను బాపు అంటాను. పేరు రాజు. తాళ్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీది నుంచి పడ్డ తర్వాత నడుస్తాడు గాని ఎక్కలేడు. అప్పటిదాకా బీడీలు చుట్టిన మా అమ్మ శోభ, కరెంటు ఆటో నడపడం నేర్చుకుంది. మా ఊరి నుంచి, చుట్టుపక్కల నుంచి ఆడపిల్లలను పొద్దున కోరుట్ల మీదుగా జగిత్యాల కాలేజీలకు తీసుకుపోతుంది. సాయంత్రం ఎవరి ఇంటి ముందు వాళ్లను దించుతుంది. నడిపేది ఆడమనిషి కాబట్టే పంపుతున్నామని చాలా ఇళ్లలో అన్నారు. నా దోస్తు నాహీద్ వాళ్లమ్మ సకీనాబీ అయితే తేల్చి చెప్పింది: "శోభ బండి ఉన్నన్ని రోజులే నీ సదువు. బండి బంద్ అయితే సదువు బంద్." నాహీద్ ఆ మాటను నవ్వుతూ నాకు చెప్పింది. అది నవ్వుతూ చెప్పే మాటలకే నాకు ఎక్కువ భయం.

బండి బంద్ అయ్యే రోజు ఒకటి వచ్చింది కూడా. మాకు ఆటో అమ్మిన కంపెనీ జగిత్యాలలో షోరూం ఎత్తేసింది. వాళ్ల ఛార్జర్‌కు గోనెసంచి కప్పి తాడు కట్టి వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఒకసారి ఛార్జింగ్ ఎక్కకపోతే సాయంత్రం పిల్లలను ఇళ్లకు చేర్చడం కుదరదు. మామూలు సాకెట్‌కు పెడితే పొద్దుగూకేదాకా అక్కడే కూర్చోవాలి. కోరుట్లలో, జగిత్యాల రోడ్డు మీద, మహిపాల్ మామ హోటల్ ఆవరణలో తొందరగా ఎక్కించే ఛార్జర్ ఉంది. అది వేరే కంపెనీది. దాని వైరు చివర పిస్తోలులా ఉండే ప్లగ్గును గన్ను అంటారు. ఆ గన్ను మా బండి మూతికి పట్టదు. అమ్మ మొదటిసారి ఆ గన్ను పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే, మామ ఛాయ్ గిన్నె పక్కన నిలబడి, సంబంధం చూడడానికి వచ్చిన పెద్దమనిషిలా తల అడ్డంగా ఊపాడు.

"గీటికి వరుస కలుస్తలేదు చెల్లె."

తర్వాత బాపు సిరిసిల్ల పోయి అడాప్టర్ తెచ్చాడు. అరచేతిలో నిండుగా పట్టే నల్ల డబ్బా. ఒక పక్క నుంచి గన్ను దూరుతుంది, ఇంకో పక్క మా బండికి కూర్చుంటుంది. ఆ రోజు నుంచి హోటల్లో దాన్ని ఎవరూ అడాప్టర్ అనలేదు. దాని పేరు వరుస. "వరుస తెచ్చినవా చెల్లె?" అని మామ దూరం నుంచే అరిచేవాడు. "మర్చిపోతే మాత్రం ఇయ్యాల పెండ్లి లేదు." ఛాయ్ తాగేవాళ్లు నవ్వేవాళ్లు. అమ్మ కూడా.

ఆ కారు వచ్చి ఆగినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

కారు దిగినాయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడ చుట్టూ చేతిరుమాలు వేసుకున్నాడు. పేరు ప్రభుదాస్ అని మెడలోని కార్డు మీద ఉంది. ముందు ఆటోను చూశాడు. తర్వాత గన్నును చూశాడు. తర్వాత రెండింటి మధ్య ఉన్న నల్ల డబ్బా దగ్గర వంగి, పసిపిల్ల నుదురు తాకి చూసినట్టు చేతి వెనక వైపుతో తాకి చూశాడు.

మహిపాల్ మామ తువ్వాల భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. మామది పెద్ద గొంతు, పెద్ద పొట్ట. ఎవరొచ్చినా ముందు తిండి సంగతి మాట్లాడతాడు.

"రాండ్రి సారూ, రాండ్రి. గింత ఎండల అచ్చిన్రు. ఛాయ్ తాగుతరా, సల్లటిది ఏమన్న తెప్పియ్యాల్నా?"

"ఛాయ్ తాగుత. చక్కెర వద్దు. గీ బండి ఎవరిది?"

"మా చెల్లెది సార్. శోభ. ఫోన్ల చెప్పిన గదా మీకు, మా ఇంటి బండే అని."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, మామ మా కోసం ఏం చేశాడో. స్థలం ఇచ్చినవాళ్ల ఇంటి బండి అయితే, వేరే కంపెనీదైనా సరే, అడాప్టర్ పెట్టుకుని వాడుకోవచ్చు. బయటివాళ్ల బండ్లకు ఆ వీలు లేదు. అది ఆ కంపెనీ పెట్టుకున్న నియమం. మామ మమ్మల్ని అడగకుండానే, మాకు చెప్పకుండానే, మమ్మల్ని ఇంటివాళ్లను చేసేశాడు.

"చెల్లె అంటే?" అన్నాడు ప్రభుదాస్ సారు.

"చెల్లె అంటే చెల్లెనే సార్. మా నాయిన, ఆళ్ల నాయిన సొంత అన్నదమ్ములు. ఒక్క తల్లి కడుపుల పుట్టిన్రు."

మా తాతకు అన్నదమ్ములే లేరు. మహిపాల్ మామను మేం ఎరిగింది ఈ బండి వచ్చిన తర్వాతే. అమ్మ తల దించుకుని తడిసిన సీటును కొంగుతో తుడవసాగింది. మామ మాత్రం ఆ మాట ఎంత హాయిగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, మా తాతకు నిజంగా ఒక తమ్ముడు ఉండి మాకు చెప్పకుండా చచ్చిపోయాడేమోనని.

సారు హోటల్ లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆ రోజు నాకూ నాహీద్‌కూ ప్రాక్టికల్ పరీక్ష పొద్దుటిపూటే అయిపోయింది. మిగతా పిల్లలది ఇంకా జగిత్యాలలో నడుస్తోంది. అందుకే మేమిద్దరం అమ్మతో కోరుట్ల వచ్చాం. నాహీద్ అప్పటికే లోపల కూర్చుని ఉంది, నేనూ వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. నాహీద్ ముందు మిర్చిబజ్జీల ప్లేటు ఉంది. నా ముందు కూడా ఉంది గాని, కొత్త మనిషి ఎదురుగా ఉంటే నేను తినలేను.

"ఏ ఊరు సార్ మీది?" అన్నాడు మామ, మాట మళ్లించడానికి.

"ఎల్లంతకుంట."

"అగో, మనోళ్లే! నేనేమో హైదరాబాద్ నుంచి అచ్చిండ్రనుకున్న."

"హైదరాబాదోళ్లు గింత ఎండల కార్లకెళ్లి దిగుతరా?" అన్నాడు సారు. అందరూ నవ్వారు. ఆయన మంచివాడిలా కనిపించాడు. అదే నన్ను ముంచింది. కోపంగా అడిగి ఉంటే నేను నోరు తెరిచేదాన్ని కాదు.

ఛాయ్ ఊదుకుంటూ ఆయన నా వైపు తిరిగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"దీప."

"రోజు గా అడాప్టర్ ఎవరు పెడ్తరు? పెట్టేటప్పుడు ముందుగాల బండికి పెడ్తరా, గన్నుకు పెడ్తరా?"

నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు తెలిసినా గొంతులోంచి రాదు. క్లాసులోనూ అంతే. కానీ ఇది ఎంత చిన్న ప్రశ్న! దీనికి భయపడాల్సిన పని లేదు. అందుకే గబగబా చెప్పేశాను.

"ముందుగాల బండికే సార్. అమ్మనే పెడ్తది. అమ్మకు గిరాకి ఉంటే జైపాలన్న పెడ్తడు."

"జైపాల్ ఎవరు?"

"మహిపాల్ మామ కొడుకు."

సారు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన ముఖంలో కోపం ఏమీ లేదు. లెక్కలో ఒక అంకె తప్పు పడితే లెక్కల సారు చూసినట్టు చూశాడు.

"మీ అమ్మకు మహిపాల్ ఏమైతడు?"

"అన్న."

"నీకు?"

"మామ."

"మామ కొడుకు నీకేమైతడు బిడ్డా?"

నేను బజ్జీల ప్లేటు పక్కకు జరిపాను.

"బావ గావాలె గదా," అన్నాడు ఆయన మెల్లగా. "అన్న ఎట్లయిండు?"

ఎట్లయ్యాడో నేను చెప్పగలను. చెప్పడానికి సిగ్గు. మొదటి వారం, పొద్దున కాలేజీకి పోతూ కాసేపు ఛార్జింగ్‌కు ఆగినప్పుడు, జైపాల్ వచ్చి గన్ను బిగిస్తుంటే, నాహీద్ నా చెవిలో "అగో, మీ బావ అచ్చిండే" అంది. చెవిలో అన్నది ఆటో అంతా వినిపించింది. జగిత్యాల దాకా ఒకటే నవ్వులు. నేను తల ఎత్తలేదు. మర్నాడు అతను కనిపించగానే అందరికీ వినిపించేలా "జైపాలన్నా" అని పిలిచాను. నవ్వులు ఆగిపోయాయి. ఆడపిల్లకు అంతకంటే తొందరగా కట్టుకోగలిగే గోడ ఇంకొకటి లేదు. అప్పటినుంచి అదే పిలుపు అయింది. అతను కూడా "ఏం చెల్లె" అంటాడు. అమ్మకూ మామకూ మధ్య, నాకూ జైపాల్‌కూ మధ్య ఈ పిలుపులు ఒకదానికొకటి సరిపోవని మాలో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు. తట్టాల్సిన అవసరం రాలేదు.

నాహీద్ బజ్జీ వదిలేసి లేచి నిలబడింది.

"అట్లేం లేదు సార్. గిప్పుడు మేమందరం బావలను గూడ అన్న అనే పిలుస్తున్నం. బావ అంటే దునియా అంత నవ్వుతది. మా దాంట్లయితే మేనమామ కొడుకైనా భాయే. నిఖా అయ్యేదాక భాయే సార్. అయినంక ఏమంటరో నాకు ఇంక తెల్వది."

పక్క బల్ల దగ్గర కూర్చున్న లారీ డ్రైవర్లు పకపకా నవ్వారు. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్వు అవసరం లేదు, భయం కొద్దీ నవ్వాడు. సారు కూడా నవ్వాడు.

"నువ్వు వకీలువు గావాలె."

"అమ్మ పంపిస్తె అయిత సార్."

ఆయన మళ్లీ నా వైపు చూశాడు. "అంతేనా బిడ్డా? సిగ్గుకు అన్న అంటున్నవా? ఔ అంటే చాలు. నేను నమ్మి పోత."

తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. నాహీద్ బల్ల కింద నా కాలు తొక్కింది. ఒక రకంగా అది అబద్ధం కూడా కాదు. సిగ్గుతోనే కదా నేను అన్న అన్నది. మామ నుదుటి మీది చెమట తువ్వాలతో అద్దుకున్నాడు. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. తల ఊపు అని గాని, ఊపకు అని గాని ఆమె ముఖంలో ఏమీ లేదు. నేను ఏం చేసినా దాని వెనక తను నిలబడతానన్నట్టు చూస్తోంది. ఆ చూపుకే నా మెడ బిగుసుకుపోయింది. ఎంతసేపటికీ తల కదల్లేదు. అది నిజాయితీయా, పిరికితనమా అని నాహీద్ తర్వాత చాలాసార్లు అడిగింది. నాకు తెలియదు.

"లేదు సార్," అంది అమ్మ.

అందరూ గుమ్మం వైపు తిరిగారు.

"పిల్లను ఇబ్బంది పెట్టకుండ్రి. మహిపాల్ నాకు అన్న గాదు. మా నాయినకు అన్నదమ్ములు లేరు. మాది కథలాపూర్, ఈయనది కోరుట్ల. బండికి కరెంటు లేక అచ్చిన మనిషిని నేను. ఈయన నాకేం గాడు."

మామ తువ్వాల భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏం గానా చెల్లె?" అన్నాడు.

ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. అమ్మ కళ్లు చటుక్కున కిందికి వాలిపోయాయి.

"నేను అబద్ధం ఆడిన్నంటరా సార్?" అన్నాడు మామ, ప్రభుదాస్ సారు వైపు తిరిగి. "పొద్దుగాల అచ్చినప్పుడు అన్నా అంటది, పోయేటప్పుడు అన్నా అంటది. పోయిన రాఖీ పున్నానికి నా చేతికి రాఖీ కట్టింది. నేను చెల్లె అని చెప్తె తప్పెట్లయితది?"

"తప్పని అంటలేను. పిలుపు వేరే, వరుస వేరే అంటున్న. కంపెనీ అడిగేది వరుస."

"మా ఊర్ల పిలుపే వరుస సార్."

"మా ఊర్ల గూడ అంతే," అన్నాడు సారు. గ్లాసు అడుగున మిగిలిన ఛాయ్ తాగేసి లేచాడు. "జర బయటికి రాండ్రి. ఒకటి చెప్త."

మేమందరం ఆయన వెనక ఆటో దగ్గరికి నడిచాం. ఎండ అలాగే ఉంది. ఛార్జర్ లోపల ఫ్యాను గిర్రుమంటోంది.

"మీకు గిది ఒక ప్లగ్గు లెక్క కనపడ్తది. గని గీ బండి, గా ఛార్జర్ ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటయి. ఇగ సాలు, నాకు వేడైతున్నది అని బండి చెప్పాలె. అది ఛార్జర్‌కు అర్థం గావాలె. రెండు కంపెనీలు, రెండు బాసలు. నడుమల గీ డబ్బా ఉన్నది సూడుండ్రి, ఇది ఆ మాట ఈ మాట ఇద్దరికి చెప్పాలె. మంచిగ చేసింది అయితే చెప్తది. దొంగ సరుకు అయితే చెప్పది. బండి ఆపు ఆపు అని మొత్తుకుంటనే ఉంటది, ఛార్జర్ ఇస్తనే ఉంటది. ఒక తాన నా కండ్ల ముంగట కరిగిపోయింది. పీకబోయినాయన చెయ్యి కాలింది. అందుకే గీ పట్టింపు. మీ బండి మీద నాకు పగ లేదు."

బండి అరుస్తూనే ఉంటుంది, అవతలి దానికి వినపడదు. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆ గన్ను బిగుసుకున్న టక్కు మనే చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉండేది. ఆ చప్పుడు వెనక ఇంత జరుగుతుందని తెలియదు.

"సార్," అంది అమ్మ. "రేపటి సంగతి మీరెట్లంటే అట్ల. ఇయ్యాల జగిత్యాలల పిల్లలున్నరు. సాయంత్రం తెచ్చి మీ ఇంటి ముంగట దించుత అని ఆళ్ల తల్లులకు మాటిచ్చిన. గీ ఒక్క పూటకు ఎక్కనియ్యుండ్రి. మధ్యల ఆపితే నేను ఆ పిల్లలకు ఏం చెప్పాలె?"

అమ్మ బతిమాలలేదు. చేతులు కూడా జోడించలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. సారు ఛార్జర్ మీద వెలుగుతున్న అంకెలు చూశాడు, అమ్మను చూశాడు, చెప్పులు విడిచి ఛార్జర్ ముందున్న సిమెంటు చప్టా మీద చతికిలబడ్డాడు.

"ఎక్కనియ్యుండ్రి. అయిందాక నేను ఈడనే కూసుంట. వేడైతే మాత్రం నేనే ఆపుత."

అలా కూర్చున్నాడు నిజంగానే. మధ్య మధ్యలో లేచి డబ్బాను తాకి చూసేవాడు. మామ తన గొడుగు తెచ్చి ఆయన నెత్తి మీద పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వద్దంటే, "మీకు కాదు సార్, డబ్బాకు పడ్తున్న," అన్నాడు. నాహీద్ ముఖం తిప్పుకుని నవ్వింది. అమ్మా మామా మాత్రం ఒకరినొకరు చూసుకోలేదు. అమ్మ ఆటోకు ఆ పక్క, మామ ఈ పక్క.

"వేడి లేదు," అన్నాడు సారు కొంచెంసేపటికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "మంచిగ చేసిండ్రు దీన్ని. ఏడ కొన్నరు?"

"మా ఆయన సిర్సిల్లల కొన్నడు సార్."

"అట్లయితే ఒకటి జేద్దాం. మా కంపెనీ గూడ వేరే బండ్లను రానియ్యాలని చూస్తున్నది. ఇంటోళ్లు బయటోళ్లు అనేది తీసేస్తరు. అప్పటిదాక పరీక్ష చేసిన అడాప్టర్ అయితే నేను పైకి రాసి పర్మిషన్ అడుగొచ్చు. దీన్ని నేను తీసుకపోయి చూపిస్త. మంచిది అని తేలితే మీ బండికి ఎవరి వరుస అక్కర్లేదు. దాని పేరు మీద అదే అస్తది."

అమ్మ ముఖం ఎలా మారిందో నేను రాయలేను. నాహీద్ నా చెయ్యి పట్టుకుని గిల్లింది. మామ గొడుగు మూసి, "చెప్పిన్నా లేదా, మనోళ్లే అని," అన్నాడు గట్టిగా. ఎవరితో అన్నాడో గాని, అమ్మ "ఔ అన్నా" అంది. ఆ ఒక్క మాటతో మామ ముఖం తేటపడింది.

ఛార్జర్ ఆగింది. జగిత్యాల పోయి, పిల్లలను ఎక్కించుకుని, కథలాపూర్ చేరడానికి సరిపోయేంత ఎక్కింది. అమ్మ గన్ను తీసి కొక్కేనికి తగిలించింది. తర్వాత అడాప్టర్ ఊడదీసి, కొంగుతో దుమ్ము తుడిచి, రెండు చేతులతో సారుకు ఇచ్చింది.

ఆయన దాన్ని తిప్పి చూశాడు. అడుగు భాగాన బాపు చుట్టిన నల్ల టేపు ఉంది. బీటలేమైనా ఉన్నాయేమో చూడాలని సారు గోటితో టేపు అంచు లేపి లాగాడు. టేపు ఊడి వచ్చింది. దాని కింద బీటలు లేవు. చిన్న చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి.

సారు చేతిరుమాలు తీసి ఆ అక్షరాలను తుడిచాడు. మళ్లీ తుడిచాడు. తర్వాత చప్టా మీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది సార్?" అంది అమ్మ.

"ఇది కొన్నది గాదమ్మా."

"కొన్నదే సార్. మా ఆయన దుకాన్ల..."

"దుకాన్ల ఇది ఎవరు అమ్ముతరు? ఇంక అమ్మకానికే పెట్టలే. పరీక్షకని మా కంపెనీ చేయించింది. సిర్సిల్లల మా గోదాంల పెట్టినం. ఒకటి పోయింది. ఇది గదే. ఇది నా చేతితోని చెక్కిన గుర్తు."

అమ్మ ఆటో కడ్డీ పట్టుకుంది.

"మేం దొంగలం గాము సార్."

"నేను అంటలేను. జర ఇనుండ్రి." ఆయన గొంతు మారిపోయింది. ఇప్పుడు అది కంపెనీ మనిషి గొంతు కాదు. "ఇది పోయినప్పుడు గోదాం తాళాలు దివాకర్ అనే పిలగాని దగ్గర ఉండె. మా ఎల్లంతకుంటనే. నా కండ్ల ముంగట పెరిగినోడు. తియ్యలే సార్, మా అవ్వ మీద ఒట్టు అన్నడు. నేను నమ్మలే. ఎవరో ఒకల పేరు పైకి చెప్పాలె, ఆయన పేరు చెప్పిన. పనిలకెళ్లి తీసేసిండ్రు. వాళ్లవ్వ రాములవ్వ రోజు మా ఇంటి ముంగటికెళ్లే పోతది. ముందు ఏం బిడ్డా తిన్నవా అని అడిగేది. గిప్పుడు నా దిక్కు సూడది."

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆ పిలగాడు తియ్యలేదని నా మనసుకు అనిపిస్తనే ఉన్నది. గిప్పుడు ఇది దొరికింది. ఏ దుకాన్ల కొన్నరో, ఎవరి చేతికెళ్లి అచ్చిందో తెలిస్తే, నేనే వాళ్ల ఇంటికి పోయి, రాములవ్వ కాళ్లు మొక్కి, ఆయనను పనికి తోల్కొస్త. మీ ఆయనను ఒక్కసారి అడుగుండ్రి. దుకాన్ పేరు చెప్తె సాలు. మీ మీదికి ఏం రానియ్య."

"ఇప్పుడే ఫోన్ చేస్త," అంది అమ్మ. ఆమె ముఖంలో మళ్లీ ప్రాణం వచ్చింది. బాపు దుకాణంలో కొన్నాడని ఆమె నమ్ముతోంది. దుకాణం పేరు చెబితే తన బండికి దారి దొరుకుతుంది, ఎవరో తల్లి కొడుక్కు పోయిన పని దొరుకుతుంది. ఫోను తీసి బాపు పేరు వెతకసాగింది.

అడాప్టర్ తెచ్చిన రోజు సిరిసిల్లకు నేనూ బాపుతో పాటు పోయాను. కాలు బాగాలేని మనిషి ఒక్కడే బస్సెక్కుతాడా అని అమ్మే నన్ను తోడు పంపింది. మేం ఏ దుకాణానికీ పోలేదు. బస్టాండ్ పక్కన చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. ఒకతను లుంగీ గుడ్డలో చుట్టిన ఈ డబ్బాను తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గర ఉండనియ్యి కాకా. ఎవలన్న గుర్తువట్టి అడిగిన రోజు నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాక ఎవలకు చెప్పకు," అన్నాడు. బాపు అతన్ని పేరు పెట్టి పిలిచాడు. ఇప్పుడు సారు చెప్పిన పేరే అది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "అమ్మకు దుకాన్ల కొన్నమని చెప్పు బిడ్డా," అన్నాడు. నేను దేనికీ ఎదురు చెప్పను కదా. సరే అన్నాను.

అమ్మ ఫోను చెవికి పెట్టుకుంది. అవతల రింగవుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. బాపు ఎత్తితే ఏదో ఒక దుకాణం పేరు చెబుతాడు. ఈ సారు ఆ దుకాణానికి పోతాడు. ఇంకొకరి మీద పడుతుంది.

ఈసారి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

"సార్," అన్నాను.

నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. నాహీద్ ఉలిక్కిపడి చూసింది.

"ఆ దివాకర్‌కు ఎడమ కనుబొమ్మ మీద గాటున్నదా?"

ప్రభుదాస్ సారు లేచి నిలబడ్డాడు. అడాప్టర్ ఆయన చేతిలోంచి జారబోయి ఆగింది.

"ఉన్నది. చిన్నప్పుడు బాయి గిర్క మీద పడ్డడు." ఆయన నా దగ్గరికి ఒక అడుగు వేశాడు. "నువ్వు ఆయనను ఏడ చూసినవ్ బిడ్డా? ఎవరితోని చూసినవ్?"

అమ్మ చెవి దగ్గరి ఫోనులో రింగు ఆగి, "ఏందే శోభా?" అన్న బాపు గొంతు వినిపించింది. నేను అమ్మ వైపు చూడకుండా చెప్పాను.

"మా బాపుతోని, సార్."